షెడ్డులో పాత బండి, ట్యాంకులో ఇథనాల్

(హనుమకొండలో ఒక కాలనీ సంఘం ఆదివారం సమావేశంలో, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుడి ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

కమిటీవాళ్లు నన్ను ఫోన్‌లో అడిగింది ఒకటే. "సార్, ఈ ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పోస్తే పాత కార్లు ఖరాబైతయట, నిజమేనా? ఒక్క మాటల చెప్పండి" అన్నారు. ఒక్క మాటలో చెప్పేస్తే ఇవాళ మీ చాయ్, సమోసా నాకు దక్కేవి కావు. (నవ్వులు)

నా దగ్గర 1996 నాటి మారుతి 800 ఉంది. కార్బురేటర్ బండి, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌లోకి పంపే పాత తరహా పరికరం ఉన్నది. మా అమ్మాయి పుట్టిన ఏడాది కొన్నాను, ఆమె పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లింది, బండి మాత్రం నన్ను వదలలేదు. ఈ మధ్య మేమిద్దరం మూడు నెలలు అమ్మాయి దగ్గర ఉండి వచ్చాం. అది వానాకాలం. తిరిగొచ్చి షెడ్డు తాళం తీయగానే గుప్పుమని పెట్రోల్ వాసన. బండి కింద బండల మీద అరచేతంత తడి. స్టార్ట్ చేయలేదు. మీకూ అదే చెప్తున్నా, వాసన వస్తే తాళం తిప్పొద్దు. బ్యాటరీ వైరు పీకేసి, ఆటోనగర్‌లో మేం ఉస్తాద్ అని పిలుచుకునే మెకానిక్‌కు ఫోన్ చేశాను.

ఆయన వచ్చి, ఫ్యూయల్ పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే జానెడు రబ్బరు పైపు ఊడదీశాడు. బ్లేడుతో నిలువునా కోసి నా చేతిలో పెట్టాడు. అదిగో, ఈ ప్లాస్టిక్ కవర్‌లో తెచ్చాను, ఒకరి తర్వాత ఒకరు చూడండి. పైన చూస్తే మామూలుగానే ఉంది. లోపలి వైపు వేలితో రాయండి, కాటుకలాగా అంటుకుంటుంది. క్లిప్పు కింద ఉన్న భాగం ఉబ్బి మెత్తబడింది. కొసన మాత్రం ఎండిపోయి, వేసవిలో చెరువు మట్టి పగిలినట్టు సన్నటి పగుళ్లు. ఒకే పైపులో ఒక చోట ఉబ్బు, ఒక చోట పగులు. ఉస్తాద్ అన్నాడు, "సార్, బండి నడిస్తే గిది ఇంకో ఏడాది ఆగుతుండె. మీరు నిలవెట్టిండ్రు, అందుకే చచ్చింది."

నేను ఇవాళ చెప్పదలచుకున్నది దాదాపు అదే. మిగతాది వివరణ.

ఇథనాల్ అంటే చెరుకు మడ్డి, గింజల నుంచి తీసే ఆల్కహాల్. అది పాతకాలపు రబ్బరులోకి దూరి దాన్ని ఉబ్బిస్తుంది. బండి రోజూ నడుస్తుంటే పైపు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఉబ్బినా అలాగే సర్దుకుని పనిచేస్తుంది. నెలల తరబడి నిలబెడితే పెట్రోల్ ఆవిరైపోతుంది, పైపు ఎండుతుంది, ఉబ్బిన రబ్బరు ముడుచుకుంటుంది, పగులుతుంది. మళ్లీ పెట్రోల్ తగిలిన రోజు కారుతుంది. పంపులో డయాఫ్రమ్ అనే పల్చటి పొర, కార్బురేటర్‌లో నీడిల్ కొస, కార్కు ప్యాకింగులు, వీటన్నింటిదీ ఇదే కథ. ఇంజన్ పిస్టన్లు కరిగిపోతాయని, బ్లాకు పగులుతుందని వాట్సాప్‌లో తిరుగుతున్నదంతా వదిలేయండి. పాత కారుకు అసలు ప్రమాదం వంద, రెండు వందల రూపాయల రబ్బరు ముక్క దగ్గర ఉంది. అది కారి, వేడి ఇంజన్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మైలేజీ. అందరి కడుపుమంట అదే కదా. లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే లీటరు ఇథనాల్‌లో ఉంటుంది. వంద లీటర్ల ఈ-20 కొన్నారనుకోండి. అందులో ఇరవై లీటర్లు ఇథనాల్. ఆ ఇరవై చేసేది పదమూడు లీటర్ల పెట్రోల్ చేసే పని. అంటే వందకు డబ్బులు కట్టి తొంభై మూడు పోయించుకున్నట్టు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనూ ఇదే లెక్క ఉంది. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై, పది శాతానికి సర్దిన కార్లలో ఆరేడు శాతం, అలాంటి బైకుల్లో మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గుతుందని అందులో రాశారు. పది శాతం కోసమే తయారై ఇరవైకి సర్దిన కార్లలో అయితే ఒకటి రెండు శాతమే.

నాకు డైరీ రాసే అలవాటు ఉంది, మా ఆవిడ నవ్వుతుంది కానీ ఇలాంటప్పుడు పనికొస్తుంది. 2005లో నా బండి లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చేది. ఇప్పుడు 15 ఇస్తోంది. ఇంజన్‌కూ వయసు మీద పడింది, తప్పంతా ఇథనాల్ మీదే వేయను. హైదరాబాద్ వెళ్లి రావడానికి 290 కిలోమీటర్లు వేసుకుంటే, అప్పటికంటే లీటరుం పావు ఎక్కువ తాగుతోంది. నూటముప్పై రూపాయల దాకా. చిన్నదే అనొచ్చు. రోజూ తిరిగే ఆటో డ్రైవర్‌కు చిన్నది కాదు.

కానీ ఒక మాట. మనం 2022 నుంచే పది శాతం కలిసింది వాడుతున్నాం. పది నుంచి ఇరవైకి వెళ్తే కొత్తగా పోయే శక్తి మూడున్నర శాతమే. "సార్, పోయిన నెల దాకా ఇరవై ఇచ్చింది, ఇప్పుడు పద్నాలుగే" అని ఎవరైనా అంటే ఆ ముప్పై శాతం ఇథనాల్ మింగింది కాదు. టైర్లలో గాలి చూడండి, ప్లగ్గులు చూడండి, ఫిల్టర్ చూడండి. ఫిల్టర్ అని ఎందుకంటున్నానంటే, ఇథనాల్ మంచి సాల్వెంట్. ఇరవై ఏళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని, జిగురును అదే కడిగి పైపులోకి పంపిస్తుంది. ఆ మడ్డి వచ్చి ఫిల్టర్‌లో ఆగుతుంది. పికప్ పోయిందని బండిని తిట్టుకుంటూ తిరిగేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త ఫిల్టర్.

నీళ్ల సంగతి కొంచెం నిదానంగా చెప్తాను, మన దగ్గర వానలు తెలుసు కదా. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. వరంగల్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో, ఎన్ని కార్లు బానెట్ దాకా నీళ్లలో నిలబడ్డాయో ఇక్కడున్నవాళ్లే చూశారు. ఆ వారంలో మా మేనల్లుడు ఒక బంకులో, పేరు చెప్పను, బైకుకు పెట్రోల్ పోయించుకుని కిలోమీటరు పోయాడో లేదో బండి ఆగింది. ట్యాంకులో ఉన్నది బాటిల్‌లోకి దింపితే పైన పెట్రోల్, కింద తెల్లగా మసకగా ఇంకో పొర.

మామూలు పెట్రోల్‌లో నీళ్లు కలవవు. చెంచాడు పడితే చెంచాడే అడుగున కూర్చుంటుంది. ఇథనాల్ అలా కాదు, అది నీళ్లకు చుట్టం. కొంచెం తేమ ఉంటే తనలో కలుపుకుని ఇంజన్‌లోకి తీసుకెళ్లి ఆవిరి చేసేస్తుంది, అంతవరకు మేలే. హద్దు దాటితే మాత్రం పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. ఇది ఇక్కడే చేసి చూపిద్దామనుకున్నాను, హాలువాళ్లు పెట్రోల్ లోపలికి తేవద్దన్నారు. మంచి పనే చేశారు. ఇంటి వెనక పెరట్లో చేశాను. కొలత గాజు గొట్టంలో 90 మిల్లీలీటర్ల ఈ-20 పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూతపెట్టి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి పెట్టాను. ఐదు నిమిషాలకు అడుగున ఎంత నిలిచింది? నేను పోసిన నీళ్లు పది. నిలిచింది ఇరవై ఏడు. పదిహేడు మిల్లీలీటర్ల ఇథనాల్ పెట్రోల్‌ను వదిలేసి నీళ్లలోకి వెళ్లిపోయింది.

ట్యాంకులోంచి పెట్రోల్ తీసుకునే గొట్టం ఎక్కడుంటుంది? అడుగునే. అంటే బండి మొదట తాగేది ఆ పొరనే. అది ఇంజన్‌లో సరిగా మండదు. పైన మిగిలిన పెట్రోల్ కూడా మునుపటిది కాదు, ఆక్టేన్, అంటే ఇంజన్ కొట్టుకోకుండా మండే గుణం, ఇచ్చే ఇథనాల్ కిందికి దిగిపోయింది కదా. అలాంటి ట్యాంకును మొత్తం ఖాళీ చేయాల్సిందే. పైనుంచి ఇంకో ఐదు లీటర్లు మంచిది పోస్తే సరిపోతుందనుకోవద్దు.

అందుకే పెద్ద వాన వెలిసిన మర్నాడు, రోడ్డు కంటే పల్లంగా ఉన్న బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించకండి. అనుమానం వస్తే కల్తీ చూసే ఫిల్టర్ పేపర్ అడగండి, సాంద్రత ఎంతో అడగండి, అది మీ హక్కు. మొహమాటపడకండి. మనవాళ్లు కూరగాయల దగ్గర కొసరు కోసం అరగంట వాదిస్తారు, మూడు వేల పెట్రోల్ దగ్గర నోరు మెదపరు.

కార్బురేటర్ బండ్ల గురించి రెండు ముక్కలు. పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి తొమ్మిది రెట్లు చాలు. ఈ-20కి పదమూడున్నర దగ్గర తేలుతుంది. అంటే అదే గాలికి ఇంధనం ఇంకొంచెం ఎక్కువ పడాలి. కార్బురేటర్‌కు ఇది తెలియదు. దాని జెట్టు రంధ్రం ఎంతుందో అంతే వదులుతుంది. దాంతో గాలి, పెట్రోల్ మిక్స్చర్ పలచబడుతుంది. పొద్దున చోక్ లాగినా మొండికేస్తుంది, సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ ఊగుతుంది, గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం గుటక వేసినట్టు ఆగి కదులుతుంది. ప్లగ్గు తీసి చూస్తే ఇటుకపొడి రంగుకు బదులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. తెలిసిన మెకానిక్ అయితే మిక్స్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, కావాలంటే జెట్టు ఒక సైజు పెద్దది వేసి సరిచేస్తాడు. ఇది అరపూట పని.

ఎండాకాలం ఇంకో బాధ. రామగుండం వైపు మే నెలలో వెళ్లినవాళ్లకు తెలుసు, బండి ఆపి నీళ్లు తాగి వచ్చేసరికి స్టార్ట్ కాదు. పైపులోనే పెట్రోల్ ఆవిరై బుడగ కట్టి పంపు లాగలేకపోతుంది. మన మెకానిక్‌లు ఎయిర్ లాక్ అంటారు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు ఈ గుణం కొంచెం ఎక్కువ. పంపు మీద తడిగుడ్డ వేయడం మా నాన్న తరం వైద్యం, నేటికీ పనిచేస్తుంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లకు, అంటే మన దగ్గర 2000 తర్వాత వచ్చిన వాటికి, ఈ గొడవ తక్కువ. సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. గాలి మిగిలిపోతోందని అది చెప్పగానే కంప్యూటర్ ఇంకొంచెం పెట్రోల్ వదులుతుంది. దానికీ ఓ హద్దుంది, హద్దు దాటితే డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ వెలుగుతుంది.

న్యాయంగా మంచి కూడా చెప్పాలి. ఈ-20 ఆక్టేన్ 95. మా చిన్నప్పటి అంబాసిడర్లు ఎత్తు ఎక్కేటప్పుడు కణకణమని కొట్టుకునేవి, ఆ చప్పుడు దీనితో తగ్గుతుంది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ కార్లలో 30 శాతం, బైకుల్లో 50 శాతం దాకా తగ్గుతుందని నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. పదిహేనేళ్లు దాటి ఆర్‌సీ రెన్యువల్‌కు వెళ్లేవాళ్లకు పొల్యూషన్ పరీక్షలో ఇది కలిసొచ్చేదే.

మరి నాకు అభ్యంతరం ఎక్కడ? ఇథనాల్ కలపడం కొత్త ఆలోచనేమీ కాదు, 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. 2003లో కొన్ని రాష్ట్రాల్లో ఐదు శాతంతో మొదలైంది. 2022 జూన్‌కు పది, 2025కు ఇరవై. మొదట 2030 అనుకున్నది ఐదేళ్లు ముందుకు జరిపారు. బండ్లేమో? ఈ-20కి తట్టుకునే పైపులు, సీళ్లతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. మన వీధిలో ఉన్నవి ఎక్కువ అంతకుముందువే. పాత బండ్ల కోసం పది శాతం పెట్రోల్ కూడా పక్కనే ఉంచాలనే మాట, ఇథనాల్ కలిసింది చవగ్గా ఇవ్వాలనే మాట ఆ నివేదికలోనే ఉన్నాయి. రెండూ జరగలేదు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. ధర ఎందుకు తగ్గించలేదంటే, ఇథనాల్ కొనేదే లీటరు 71 రూపాయలు దాటిందని 2025లో ప్రభుత్వం ఇచ్చిన సమాధానం. బ్రెజిల్‌లో 1975 నుంచి ఇదే పని చేస్తున్నారు, 2025లో 30 శాతానికి పెంచారు. కానీ అక్కడ బంకులో పెట్రోల్, ఇథనాల్ పక్కపక్కనే ఉంటాయి. ఇథనాల్ ధర పెట్రోల్ ధరలో 70 శాతం కంటే తక్కువుంటేనే జనం అది కొట్టించుకుంటారు. లెక్క వాళ్ల చేతిలో ఉంది. మన దగ్గర అదే లేదు.

ఇంకో వైపు మన రైతులున్నారు. చెరుకు మడ్డి, నూకలు, మొక్కజొన్న, వీటినుంచే ఇథనాల్ వస్తోంది. ఏనుమాముల మార్కెట్‌కు మక్కలు తెచ్చే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తే నా బండి మైలేజీ ఒక కిలోమీటరు పోయినా నేను బాధపడను. అయితే బోధన్, ముత్యంపేటల్లో నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీలు 2015లో మూతబడ్డాయి. మరోపక్క 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. నీళ్లు, గాలి పాడవుతాయని వాళ్ల భయం. మడ్డి ఇచ్చే ఫ్యాక్టరీ తెరవమని ఒక చోట, మక్కల ఫ్యాక్టరీ వద్దని ఒక చోట. దీని మీద ఇంకో ఆదివారం పెట్టుకుందాం, ఇవాళ బండి సంగతి చూద్దాం.

ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. ఇంటికెళ్లి ఆర్‌సీ తీసి తయారైన నెల, సంవత్సరం చూడండి. పెట్రోల్ మూత లోపల ఈ-20 స్టిక్కర్ ఉందేమో చూడండి. లేకపోతే రబ్బరు పైపులన్నీ మార్పించండి. షాపులో ఉత్తగా పెట్రోల్ పైపు అంటే ఏదో ఒకటి కోసి ఇస్తాడు. "ఎస్‌ఏఈ జే30 ఆర్9" అనే నాణ్యతా ప్రమాణం పైపు మీద అచ్చు వేసి ఉన్నది అడగండి, దాని లోపలి పొర ఇథనాల్‌ను తట్టుకుంటుంది. కార్బురేటర్ బండైతే దాని రబ్బరు, ప్యాకింగుల కిట్ మొత్తం, పంపు డయాఫ్రమ్ కూడా. ఇంజన్ ఆయిల్ గేజీ తీసి వాసన చూసుకోండి. పెట్రోల్ వాసన వచ్చినా, పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగినా, డయాఫ్రమ్ చిరిగి పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతున్నట్టు. ఆ బండిని నడపొద్దు.

పది రోజులకోసారైనా బండి తీయండి. షెడ్డులో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం కాదు, ధర్మసాగర్ చెరువు దాకా వెళ్లి రండి. చాలా రోజులు ఊళ్లో ఉండమనుకుంటే ట్యాంకు నిండుగా ఉంచి వెళ్లండి, ఖాళీ ట్యాంకులో తేమగాలి చేరుతుంది. యూట్యూబ్‌లో నీళ్లు పోసి ఇథనాల్ వేరుచేసి పైన పెట్రోల్ వాడుకోమని చూపిస్తున్నారు, ఆ పని చేయకండి. ఇల్లు అంటుకునే ప్రమాదం, పైగా మిగిలేది ఆక్టేన్ పోయిన పెట్రోల్. ఇథనాల్‌ను మాయం చేసే మందు బాటిల్ అంటూ ఏదీ లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: మాది 2012 కారు, ఇన్సూరెన్స్ ఇవ్వరంటున్నారు కదా సార్?)

లేదమ్మా. ఈ-20 వాడితే ఇన్సూరెన్స్ పోతుందనేది నిజం కాదని పెట్రోలియం శాఖే స్పష్టంగా చెప్పింది. మీది ఇంజెక్షన్ బండి, పైపులు, ఫిల్టర్ చూపించుకుంటే చాలు.

(ఒక యువకుడు: నా దగ్గర ఆర్‌ఎక్స్ 100 బైకు ఉంది సార్. వారానికోసారి తీస్తా.)

వారానికోసారా, వారానికి రెండుసార్లు తీయి తమ్ముడూ, ఆ చప్పుడు మేమూ వింటాం. (నవ్వులు) ఇంటికెళ్లగానే పెట్రోల్ కాక్ మూసేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా ఉంచు, కార్బురేటర్ గిన్నె ఖాళీ అవుతుంది. లేకపోతే ఆ గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుని జెట్టులో కూర్చుంటుంది. నెలకోసారి గిన్నె విప్పి చూసుకో.

(ఒక పెద్దాయన: ఇంతకూ మీ బండి ఇప్పుడెట్లుంది?)

కిందనే ఉంది అన్నా, దాని మీదే వచ్చాను. పైపులకు, కిట్టుకు, ఉస్తాద్ కూలికి కలిపి రెండు వేల మూడు వందలైంది. బానెట్ తెరిచి పెడతాను, కొత్త పైపు మీద అచ్చు ఎక్కడుంటుందో చూసిపోండి. ఆ కోసిన పైపు కవర్ ఎవరి దగ్గరుందో, వెళ్లేముందు నాకిచ్చేయండి.